పెరుగు రాకముందే ఎత్తిన ఆకు

మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళే కడగాలి. అది నాన్న పెట్టిన చట్టం. మిషన్ బడిలో లెక్కల మాస్టారు కాబట్టి ఇంట్లోనూ క్లాసు నడుపుతున్నాడని మేం పిల్లలం గొణుక్కునేవాళ్ళం. పెళ్ళిళ్ళకి వెళ్తే ఇంకా తలవంపులు. అందరూ ఆకులు వదిలేసి చేతులు కడుక్కోవడానికి పోతుంటే, ఈయన ఒక్కడే తన ఆకు మడిచి, రెండు చేతులతో ఎత్తుకుని, బయట పారేయడానికి బయల్దేరేవాడు. ఇక హోటళ్ళ గుమ్మం తొక్కేవాడే కాదు. ఎందుకని అడిగితే నూనె మంచిది కాదనేవాడు.

అసలు సంగతి నాకు ఉద్యోగం వచ్చాక అమ్మ చెప్పింది. చిన్నప్పుడు నాన్న వాళ్ళమ్మ వెంట మిరపకాయల కోతకి వెళ్ళేవాడట. రైతుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళయితే ఊరి బయట పేటలోని మావాళ్ళకి దొడ్లో, అందరూ తిన్నాక పెట్టేవాళ్ళట. తిన్న ఆకు ఎవరిది వాళ్ళే ఎత్తాలి, దాన్ని ఇంకొకరు ముట్టుకోరు. కాఫీ హోటల్లో గ్లాసు కూడా అంతే, తాగినవాడే కడిగి చూరులో పెట్టాలి. అమ్మ ఇదంతా మామూలుగా చెప్పి మళ్ళీ బియ్యం ఏరుకోవడంలో పడింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద కూడా కోపం వచ్చింది, ఎవరో పెట్టిన నియమాన్ని క్రమశిక్షణ అని పేరు పెట్టి మా నెత్తిన రుద్దినందుకు.

ఆయన రిటైరైన నెలలో పంతం పట్టాను. ఒక్కసారైనా నాన్న బయట, పదిమందితో పాటు పంక్తిలో కూర్చుని, తీరిగ్గా, మర్యాదగా భోంచేయాలి. అవి 1980ల నడిమి రోజులు. గుంటూరు దాటాక ప్రత్తిపాడు రోడ్డులో ఒక రైతు దంపతులు తమ కూరగాయల తోటలోనే భోజనం పెట్టేవాళ్ళు. బోర్డు లేదు. ఆ పొద్దున ఏది కోతకొస్తే అదే కూర. ఆదివారం చర్చి అయ్యాక, ఎక్కడికో చెప్పకుండా నాన్నని స్కూటరెక్కించాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఇద్దరం తుమ్ముకుంటూ వెళ్ళాం.

తాటాకు పందిరి చూడగానే నాన్నకి అర్థమైపోయింది. ఆకలి లేదన్నాడు. అప్పటికే ఒంటిగంట దాటింది.

అక్కడ ఇంకో పద్ధతి ఉండేది. వంట అయ్యేదాకా వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోకూడదు, తోటలోకి దిగి తలో చెయ్యీ వెయ్యాలి. మాకంటే ముందొచ్చిన ఒక ప్లీడరు గారు తెల్ల ప్యాంటు పైకి మడుచుకుని చిక్కుడుకాయలు కోస్తున్నాడు. నేను ఆ ఇల్లాలికి మా నాన్న బడిపంతులని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె నాన్న చేతికి ఒక బుట్ట ఇచ్చి, పచ్చడికి నాలుగు పండుమిరపకాయలు కోసుకురమ్మంది. మనిషిని మర్యాద చేయించడానికి తీసుకొస్తే మళ్ళీ మిరపచేలోకే పంపిందని నేను ఉడికిపోయాను. నాన్న మాత్రం అప్పటికే సాళ్ళలోకి దిగిపోయాడు.

చూస్తుండగానే బుట్ట సగం నిండింది. అమ్మ చెప్పింది విన్నా, నాకు మాత్రం ఆ చేతులంటే చాక్‌పీసే గుర్తు. ఆమె దగ్గరికి వచ్చి, అలవాటున్న చెయ్యిలా ఉందే, ఏ ఊరు మీదని అడిగింది. నాన్న ఊరి పేరు చెప్పాడు. ఊళ్ళో ఏ వైపని మళ్ళీ అడిగింది. మా ప్రాంతంలో ఆ ప్రశ్నకి అర్థం అందరికీ తెలుసు.

నాన్న నడుం నిటారుగా చేసి చెప్పాడు. "పేటండీ. మా అమ్మ ఈ చుట్టుపక్కల చేలల్లోనే కోతలు కోసింది."

ఆమె బుట్టలోకి చూసింది. "అదీ సంగతి. ఒక్క తొడిమా ఊడలా" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అది మెచ్చుకోవడమో, ఇంకేదో నాకు తెలియలేదు. పీటలు ఎక్కడ వేస్తుందోనని చూస్తూ నిలబడ్డాను. నాన్న పీట ప్లీడరు గారి పక్కనే వేసింది. నాన్న దాన్ని మెల్లగా పంక్తి చివరికి జరుపుకుని కూర్చున్నాడు.

గుత్తి వంకాయ, చిక్కుడుకాయ వేపుడు, గోంగూర పప్పు వచ్చాయి. ఆ తర్వాత నాన్న కోసిన కాయలతో రోట్లో నూరిన పచ్చడి, మీద నెయ్యి. నాన్న కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే మారు వేయించుకున్నాడు. ఆకలి లేని మనిషి ఇలా తింటాడా అని నేను ఏడిపిస్తే, ఒరేయ్, నోరు మూసుకుని తినమన్నాడు. వంకాయ ముదరలేదని, గోంగూర కొండగోంగూరని ప్లీడరు గారికి పాఠం కూడా చెప్పాడు. నాకు భలే సంతోషంగా ఉంది.

చారు పోసి ఆమె లోపలికి వెళ్ళింది. చారన్నం తినడం అవగానే నాన్న ఆకు మడిచి, రెండు చేతులతో ఎత్తుకుని లేచి నిలబడ్డాడు. పంక్తంతా తలెత్తి చూసింది. నేను తల దించుకున్నాను. ఆ దించుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె పెరుగు కుండతో వచ్చి ఆగిపోయింది. "పెరుగెయ్యందే లేచారేందండీ మాస్టారూ?"

అయిపోయిందనుకున్నానండీ అన్నాడు నాన్న, బడిపిల్లాడిలా. చిన్నప్పటి ఆ దొడ్లలో భోజనం చారుతోనే అయిపోయేదట. పెరుగు అక్కడిదాకా వచ్చేది కాదట. ఈ సంగతి తిరుగుదారిలో, నేను అడక్కుండానే చెప్పాడు.

ఆమె కుండ కింద పెట్టి చెయ్యి చాచింది. నాన్న ఇవ్వలేదు. ఎంగిలాకండీ అన్నాడు.

"ఎంగిలాకు కాక మంచాకు ఎత్తుతానా? ఇటియ్యండి. ఇక్కడ ఆకులెత్తేది నేను."

అని నాన్న చేతుల్లోంచి ఆకు తీసుకుంది. గేదెల పాక వెనక పారేసి, చేతులు కడుక్కుని వచ్చి, కొత్త ఆకు వేసి నీళ్ళు చిలకరించింది. అన్నం పెట్టి, మీగడ చీలకుండా గరిటెతో పెరుగు తీసి వేసింది. నాన్న చాలా నెమ్మదిగా తిన్నాడు. ప్లీడరు గారు చెయ్యి ఎండిపోతున్నా, ఆయన తినడం పూర్తయ్యేదాకా లేవలేదు.

ఆఖరి ముద్ద అయ్యాక నాన్న చెయ్యి అలవాటుగా ఆకు అంచు కిందికి వెళ్ళింది. అక్కడే ఆగింది. నా వైపు చూశాడు.

ఆకుని నెమ్మదిగా తన వైపుకి మడిచాడు. దాన్ని అక్కడే వదిలేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.