గడ్డకట్టని జెల్లీ

గిన్నెడు జెల్లీతో ఒక పరిశోధన కొంప ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే సికింద్రాబాద్‌లో మీరు అడగవలసింది నన్నే. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. చిన్నతనం, తెలియనితనం.

మా తమ్ముడి కూతురు షారోన్ జన్యు చికిత్స మీద పనిచేసే ల్యాబ్‌లో ఉంది. నా పాత విద్యార్థిని శ్రీలత కూతురిది చాలా అరుదైన జబ్బు. చర్మం పొరలను కలిపి ఉంచే జిగురును తయారు చేసే జన్యువు పాడైంది. కాస్త గట్టిగా పట్టుకున్నా పొక్కులు లేస్తాయి. సరైన జన్యువును నీళ్ళు పట్టిన మెత్తని జెల్‌లో ఉంచి పుండు మీద పెడితే, అది మెల్లగా లోపలికి దిగుతుందా అని షారోన్ వాళ్ళు చూస్తున్నారు. ఆ పరీక్షలకు పాప చర్మం బియ్యపుగింజంత కావాలి. శ్రీలత ఎవరు అడిగినా వద్దంది. చివరికి, "మీరు సమజయ్యేటట్టు చెప్తె చూస్త, టీచర్" అంది నాతో.

మొండి బుర్రలకు భిన్నాలు ఎక్కించినదాన్ని, నాకు జెల్ ఒక లెక్కా? జెలటిన్, నీళ్ళు, జన్యువులకు బదులు సబ్జా గింజలు కలిపి చూపించమంది షారోన్. ఇంకేమీ కలపొద్దని కూడా అంది. కానీ ఇంటికొచ్చిన మనిషికి చప్పటి జెల్లీ ఎలా పెడతాం, మీరే చెప్పండి. మోండా మార్కెట్ నుంచి పైనాపిల్ తెచ్చి పచ్చిరసం పోశాను. కొలత గ్రాము తప్పలేదు. అందుకే గడ్డకట్టిందో లేదో వేలితో తాకి చూడటం నా కొలతకు అవమానం అనుకున్నాను.

శ్రీలత, షారోన్ ఎదురుగా కూర్చున్నారు. "ఇదిగో, కదలకుండా మందును పట్టి ఉంచే జెల్" అని గిన్నె పళ్ళెంలో బోర్లించాను. నేనొకటి తలిస్తే పైనాపిల్ ఒకటి తలచింది. మందు, జన్యువులు, వైద్యశాస్త్ర భవిష్యత్తు అన్నీ బల్ల మీద నుంచి జారి నా గంజి చీర మీదకు చేరాయి.

షారోన్ వేలితో అద్దుకుని రుచి చూసింది.

"అత్తా, పచ్చి పైనాపిల్ పోశావా? అందులో ఉండే ఎంజైము జెలటిన్‌ను ముక్కలు చేసేస్తుంది."

శ్రీలత నవ్వలేదు. కారుతున్న సబ్జా గింజలనే చూస్తోంది.

"మా పోరి పుండుల సుత గసొంటివి ఉంటయా? జెల్లును తినేటివి?"

"ఉంటాయక్కా. మా తలనొప్పి అదే. తొందరగా తినేస్తే మందు ఒక్కసారే కారిపోతుంది. ఎంత సేపట్లో తింటాయో తెలియడానికే పాప చర్మం అడుగుతున్నాం."

"గీ ముచ్చట ముందుగాల చెప్పొచ్చు గద. అందరు అంతా మంచిగనె అయితదంటుంటె నాకు భయమైంది. ఏడ పెట్టాలె సంతకం?"

ఆ కీర్తి ల్యాబంతా పాకింది. మరో కుటుంబం వస్తోంది, మళ్ళీ అలాగే చెడగొట్టమని షారోన్ బతిమాలింది. ఈసారి శుభ్రంగా ఉంటుందని డబ్బా పైనాపిల్ కొన్నాను. డబ్బాలో పెట్టేముందు దాన్ని వేడి చేస్తారనీ, ఆ వేడికి ఎంజైము చస్తుందనీ నాకెవరు చెప్పారు? గిన్నె బోర్లిస్తే జెల్లీ చర్చి గంటలా నిలబడింది. పళ్ళెం ఊపాను. పక్కకు వంచాను. చివరికి చెంచాతో కొట్టాను. అది ఠీవిగా ఊగింది తప్ప కరగలేదు.

అందుచేత ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: బతికి ఉండగా ఏ పనినీ కావాలని చెడగొట్టబోను. శ్రద్ధగా చేస్తాను, అదే చెడుతుంది.