నీటికి ఉన్న కొంగు

నా చిన్నప్పుడు నా చంక ఎన్నడూ ఖాళీగా లేదు. ఒక పక్క తమ్ముడు, ఒక పక్క చెల్లె. పలక పట్టడానికి చెయ్యి మిగలలేదు. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. అందుకే ఈ ముచ్చట ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

1969లో తెలంగాణ కోసం బందులు నడిచి, బడులు మూతపడిన ఏడు అది. మా ఊరు కేసముద్రానికి లారీలు రాక, దీపాల్లో పోసే గ్యాస్‌నూనె దొరకడమే గగనమైంది. మా అమ్మ పొద్దుటి నుంచి వరుసలో నిలబడి ఒక డబ్బా తెచ్చి, కూలికి పోయింది. చెల్లెను ఎత్తుకుని తిరుగుతూ నేను చూసుకోక దాన్ని తన్నేశాను. సగం నేల తాగేసింది. భయంతో, తక్కువైనంత నీళ్లు పోసి మూత పెట్టాను.

పక్కింటి అక్క పదో తరగతి. బడి లేక ఇంట్లోనే ఉన్న ఆమె నన్ను చూసి అడిగింది.

“ఏందే, దీపం బుడ్డి లెక్క వాసనొస్తున్నవ్?”

ఏడుస్తూ చెప్పాను.

“పిచ్చిదానా, కలిస్తే గద పరేషాన్! అవి సచ్చినా కలువయ్.”

డబ్బాలోది గాజుసీసాలో పోసి నిలబెట్టింది. కింద నీళ్లు, పైన నూనె, మధ్యన సన్నటి గీత. సాయంత్రపు ఎండ ఆ సీసా గుండా వచ్చి గోడ మీద వణికింది. అక్క మెల్లగా వంచి పైనున్న నూనెను మళ్లీ డబ్బాలోకి దించింది.

ఎందుకు కలవవని అడిగితే, బొగ్గుతో బండ మీద కంటికి ఆనని నీటికణం బొమ్మ గీసింది.

“గీ పెద్దది ఆక్సిజన్, గీ చిన్నయి రెండు హైడ్రోజన్. తిన్నగ గీత లెక్క ఉండయ్, వంగి ఉంటయ్. నువ్వు ఇద్దరు పిల్లలను చంకనేసుకున్నట్ల.”

తిన్నగా ఉంటే రెండు పక్కల గుంజుడు సరిసమానమై పోయేదట. వంగి ఉండబట్టే తల్లి లాంటి ఆక్సిజన్ వైపు కొంచెం ఋణ విద్యుత్తు, పిల్లల వైపు కొంచెం ధన విద్యుత్తు. ఆ పిల్లలు పక్క కణంలోని తల్లి కొంగు పట్టుకుంటారు. నూనెకు అలాంటి పిల్లలూ లేరు, కొంగూ లేదు. అందుకే నీళ్లు నీళ్లనే పట్టుకుని, దాన్ని బయటికి నెడతాయి.

తర్వాత నా ఎండుజుట్టును గబగబా దువ్వి, చెంబు నుంచి జారే సన్నటి ధార దగ్గరికి విద్యుత్తు పట్టిన ఆ దువ్వెన తెచ్చింది. తగలనే లేదు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ధార అటు వంగింది.

“నూనె నేను వేరు చేసిన. ఒలికిన ముచ్చట మాత్రం నువ్వే చెప్పాలె,” అంది.

ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. బుడ్డిలో పాత నూనె ఉంది, అమ్మ డబ్బా ముట్టలేదు.

ఇప్పటికీ అరుగు మీద రెండు నీటిచుక్కలు దగ్గరై ఒకటైపోతుంటే చేతిలో పని ఆగిపోతుంది. ఏదైనా దాచాలనిపించినప్పుడు మాత్రం ఆ సీసాలోని గీత గుర్తొస్తుంది.

నూనె ఒలికిన మర్నాడు పొద్దున అమ్మ బుడ్డి తుడుస్తుంటే, చెల్లెను చంక నుంచి దించకుండానే పోయి ఆమె కొంగు పట్టుకున్నాను.

“అమ్మా, నూనె నేనే ఒలకబోసిన.”