చీటీ లేనిదే సామాను ఇవ్వబడదు

ఆ వీధిలో ఫ్యాను తిరగనని మొండికేసినా, మిక్సీ మూగబోయినా జనం పరిగెత్తేది ఒక్కడి దగ్గరికే. ఆయన్ని అందరూ చీటీ మెకానిక్ అనేవారు. వస్తువు చేతికి రాగానే కాగితం ముక్క మీద రెండు చోట్ల ఒకే నంబరు వేసి, మధ్యకు చింపి, సగం వస్తువుకు కట్టి సగం మనిషి చేతిలో పెట్టేవాడు. మిగతా సగం తెస్తేనే సామాను. సొంత బావమరిది ఇస్త్రీపెట్టె కూడా, చీటీ పారేసుకున్న పాపానికి ఆరేళ్ళుగా ఆయన దగ్గరే పడి ఉంది. దుకాణం గోడకు బోర్డు కూడా ఉండేది: "చీటీ లేనిదే సామాను ఇవ్వబడదు."

ఈ చాదస్తానికి కారణం లేకపోలేదు. పని నేర్చుకునే రోజుల్లో, నంబరు అడక్కుండా ఒకావిడ కుట్టుమిషను మోటారు ఎవడికో ఇచ్చేశాడు. మర్నాడు అసలావిడ వచ్చి, ఆ మోటారు మీదే తన ఇల్లు నడుస్తోందని దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కడుపు కట్టుకుని కొత్తది కొనిచ్చాడు గానీ, ఆ ఏడుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. తప్పు తాను చేసి, శిక్ష ఊరందరికీ వేశాడు.

చీటీ దాచుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? చొక్కా జేబులో పెట్టి ఉతికేస్తారు, పాలవాడి లెక్క రాసి చింపేస్తారు. అలాంటివాళ్ళు రెండుసార్లు బతిమాలి, మూడోసారి తిట్టి, నాలుగోసారి రాకుండా కొత్తది కొనుక్కునేవారు. పాతది మాత్రం శుభ్రంగా బాగై, నంబరు కట్టుకుని కూర్చునేది. దుకాణం నిండింది. ఆ తర్వాత ఇంటి వసారా నిండింది. ముందుగది, పడకగది, మంచం కింద, బీరువా మీద. ముప్పై ఏళ్ళయ్యేసరికి వీధి తలుపు నుంచి వంటింటికి మూరెడు దారి మిగిలింది.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత. ఆయన విషయంలో మొదటి సగమే నిజం. ఆయన భార్య మహా నెమ్మదైన మనిషి. ఆ మూరెడు దారిలో పక్కకు తిరిగి నడవడం నేర్చుకుంది. చేతిలో గంజిగిన్నె ఉన్నా సరే, చీర కొంగు ఏ ఫ్యాను రెక్కకూ తగలకుండా నడిచేది.

ఒక మధ్యాహ్నం ఆ నేర్పు కూడా ఆదుకోలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన టేబుల్ ఫ్యాన్ల వరస ఆవిడ మీదికి ఒరిగింది. కాలు కదపలేక, అరిచినా వినేవాళ్ళు లేక రెండు గంటలు అలాగే పడి ఉంది. అన్నానికి ఇంటికొచ్చిన మెకానిక్ ఒక్కో ఫ్యానూ తీసి పక్కన పెడుతుంటే ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"నాకూ ఒక నంబరు కట్టి అక్కడే పెట్టేయండి. ఎవరైనా చీటీ తెస్తే ఇచ్చేద్దురుగానీ" అంది.

కాలు విరగలేదు, వాచింది అంతే. కానీ ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున్నే బావమరిదిని పిలిచి, "ఇల్లూ దుకాణమూ కలిపి అమ్మేస్తాను. మీ అక్కను ఈ సందులోంచి బయటకు తీసుకుపోవాలి" అన్నాడు.

"తా దూర కంత లేదు, మెడకో డోలు అని నేను ఏనాడో చెప్పాను బావా" అని బావమరిది సంతోషంగా బయలుదేరాడు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే తొంగిచూసి పోయారు. చివరికి పాత ఇళ్ళు కొనే ఒకాయన వచ్చాడు. నలిగిన చొక్కా, చేతిలో టార్చిలైటు. ఆ సందులో అడ్డంగా నడిచి, అన్ని గదులూ చూసి, రెండు మూడు మోటార్లు చేత్తో ఎత్తి బరువు కూడా చూశాడు.

"ఉన్నది ఉన్నట్టు కొంటాను. మీరు చీపురు కూడా పట్టక్కర్లేదు. మీ బట్టలూ గిన్నెలూ తీసుకెళ్ళండి, మిగతాదంతా నాది. పదిహేను రోజుల్లో రొక్కం ఒకేసారి ఇస్తాను" అన్నాడు.

ఆ డబ్బుకు రెండు వీధుల అవతల, మెట్లు ఎక్కే పని లేని చిన్న ఇల్లు వస్తుంది. రెండు గదులు, వంటింట్లో కిటికీ, పక్కన ఆయన పనికి ఒక చిన్న గది. భార్య ఆ కిటికీ దగ్గర నిలబడి వెంటనే కదల్లేదు. బయానా పుచ్చుకున్నారు.

ఆ సాయంత్రం మెకానిక్ అన్నం కంచం పక్కకు జరిపాడు.

"ఇల్లు నాది, అమ్ముతాను. ఈ మిక్సీలు నావి కావు కదే. నావి కానివి ఎలా అమ్మను?"

భార్యకు ముప్పై ఏళ్ళ కోపం ఒక్కసారి వచ్చింది. "వాళ్ళు ఇన్నేళ్ళు రాలేదు. ఇంకెన్నేళ్ళు నేను అడ్డంగా నడవాలి?"

"చీటీ తెస్తే..."

"చీటీలు రావండీ. మనుషులున్నారు. వాళ్ళని పిలవండి."

ఆయన రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే దుకాణం గోడకున్న బోర్డు తీశాడు. దాని వెనక వైపు పెద్ద అక్షరాలతో రాశాడు: "మీ సామాను తీసుకుపోండి. చీటీ అక్కర్లేదు." ఆ నాలుగు మాటలు రాయడానికి చెయ్యి ఒక పట్టాన సాగలేదు.

మొదట వచ్చింది రిటైరైన హెడ్మాస్టరు. చీటీ లేదని మెకానిక్ తిప్పి పంపినవాళ్ళలో ఆయనా ఒకడు.

"ఏం జబ్బుతో తెచ్చారు?" అని మెకానిక్ అడిగాడు.

"ఫ్యాను తిరుగుతుంది గానీ తల తిప్పదు."

మెకానిక్ తడుముకోకుండా మూడో వరసలోంచి ఆకుపచ్చ ఫ్యాను తీసిచ్చాడు. మనుషుల మొహాలు మరిచాడేమో గానీ వస్తువుల జబ్బులు ఒక్కటీ మరవలేదు. కాలిన వాసన వచ్చిన మిక్సీ, ముట్టుకుంటే షాక్ కొట్టిన ఇస్త్రీపెట్టె, వర్షం పడితేనే పలికే రేడియో, అన్నీ ఒకటొకటిగా కదిలాయి. బావమరిది ఇస్త్రీపెట్టె కూడా ఇంటికి పోయింది. ఒకావిడ మాత్రం, "ఇదా! నా దగ్గర మూడున్నాయి, మీరే ఉంచుకోండి" అంది. "తల్లీ, నీకు పుణ్యముంటుంది, తీసుకుపో" అని ఆయన దాన్ని వీధి చివరిదాకా మోసి ఆవిడ రిక్షాలో పెట్టి వచ్చాడు.

పన్నెండో రోజు టార్చిలైటాయన వచ్చాడు. ఇంట్లోకి పక్కకు తిరక్కుండా నేరుగా నడవగలిగేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"నేను కొన్నది ఇల్లా, గోడలా? ఆ మోటార్లలో ఉన్న రాగి చూసే కదండీ అంత చెప్పాను! తగ్గించండి. లేదంటే నా బయానా నాకిచ్చేయండి, బేరం లేదు."

బావమరిది చెవిలో గొణిగాడు. "బావా, సగం పోతే పోయింది. మిగతావి ఆపేసి తలుపెయ్యి."

టార్చిలైటాయన అడిగిన తగ్గింపు తక్కువేమీ కాదు. కొత్త ఇంట్లో పనిగది వదులుకుంటే తప్ప కుదరదు. మెకానిక్ భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు ఆవిడ చోటంతా తానే తిన్నాడు. ఇప్పుడు వదులుకోవాల్సింది తన చోటే. ఆ లెక్క ఆయనకు బాధగానే ఉంది, న్యాయంగానూ ఉంది.

"తగ్గించుకోండి. కానీ గడువు దాకా ఎవరొచ్చినా వాళ్ళ సామాను వాళ్ళకిస్తాను" అన్నాడు.

"మీలాంటివాళ్ళు నలుగురుంటే నేను ఈ వ్యాపారం మానుకోవాల్సిందే" అని ఆయన సణుగుతూనే కాగితాలు మార్పించాడు. మాట ప్రకారం డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు కూడా.

గడువు నాటికి నలభై దాకా వస్తువులు ఎవరూ రాక మిగిలిపోయాయి. మెకానిక్ వాటికి కట్టిన నంబర్లన్నీ ఒకటొకటిగా విప్పి, తాళంచెవులు ఇచ్చేశాడు. వాటిని వదిలి వస్తుంటే ఆయనకు కళ్ళు తడయ్యాయి.

కొత్త ఇంట్లో మొదటి రోజు ఆవిడ వీధి తలుపు నుంచి వంటింటి దాకా నడిచి, ఏ పనీ లేకపోయినా వెనక్కొచ్చి, మళ్ళీ నడిచింది.

వారం తిరక్కుండానే ఒకావిడ మిక్సీ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. మెకానిక్ అలవాటు కొద్దీ దాన్ని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. పెట్టే చోటు లేదు.

"కూర్చోండమ్మా, ఇప్పుడే చేసిస్తాను" అన్నాడు.

భార్య కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తానూ ఎదురుగా కూర్చుంది. మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగాయి, అంతే. వాటిని మార్చి, తిప్పి చూపించి ఇరవై నిమిషాల్లో ఆవిడను పంపించేశాడు. ఎన్నేళ్ళ తర్వాతో, వచ్చిన వస్తువు వచ్చిన పూటే గుమ్మం దాటింది. ఆయన చేతులు తుడుచుకుంటూ గర్వంగా భార్య వైపు చూశాడు.

"చూశావా, ఎంతసేపట్లో అయిపోయిందో!"

ఆవిడ ఇంకా గుమ్మం వైపే చూస్తోంది.

"అదేనండీ. మనింటికి ఒక మనిషొచ్చి కూర్చుని పాతికేళ్ళయింది. ఇంకాస్త నెమ్మదిగా చెయ్యకపోయారా?"