బడి పాలు, ఇంటి గటుక

చిట్యాల రోడ్డు దిగి మట్టిబాటలో చాలాసేపు నడిస్తే మా ఊరు. అక్కడి బడిలో నేను పాలపొడి కలిపేదాన్ని. పొడి అమెరికా నుంచి వచ్చేది. రోడ్డు మీద దించిన డబ్బాలను మా ఇంటాయన ఎడ్లబండిలో తెచ్చేవాడు.

పాలు మొదలుపెట్టిన రోజే జీపులో ఒక తెల్ల దొరసాని వచ్చింది. ఆమె మాట మాకు తెలుగులో చెప్పడానికి పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. వాళ్లు తెచ్చిన కాంటాను బడి దూలానికి వేలాడదీశారు. పిల్లలను ఇప్పుడు తూచి, కొన్ని నెలలు పాలు తాగాక మళ్లీ తూస్తారట. ఏ బడి పిల్లలు బరువు పెరిగితే ఆ బడికి పాలు నిలుస్తాయట. వాళ్ల దేశమూ మన సర్కారూ కలిసి అట్లా అనుకున్నాయని ఆఫీసరు చెప్పాడు.

కాంటా చూసి మా అత్త కొంగు బిగించింది.

"ఏం తూకం సారూ ఇది? ఆముదాలనుకున్నరా, పల్లికాయ అనుకున్నరా? మొక్కు ఉంటేనే మేం పిల్లను తూస్తం. గది గూడ బెల్లంతోని."

బడి సారు చేతులు జోడించాడు. "అందరి పేరు మీద అమ్మవారికి బెల్లం నేను మొక్కుత పెద్దమ్మా. జర ఊకో."

"నోటి బెల్లమా, చేతి బెల్లమా?"

సారు దుకాణం నుంచి నిజంగానే బెల్లం తెప్పించాడు. దాన్ని కాంటా కింద పెట్టాకే తల్లులు పిల్లలను వదిలారు. దొరసాని ఆ ముద్దను చూసి ఏదో అడిగింది. ఆఫీసరు చెప్పాడు. ఆమె దాని ముందు తల వంచి దండం పెట్టింది. మా అత్త అప్పుడు గాని కొంగు వదల్లేదు.

మా బిడ్డ అప్పుడు మూడో తరగతి. గొర్లున్న ఇంట్లో ఆ ఈడు పిల్ల మంద వెంట ఉంటుంది. మా అత్త బడికి ఒప్పుకున్నది చదువు కోసం కాదు, గ్లాసెడు పాల కోసం. ఆ ఏడు వానలు లేవు. సగం మంద అమ్ముకున్నాం. జొన్నరవ్వతో కాచే గటుక పలచబడి, అందులో గరిటె నిలవడం లేదు. నేనేమో అక్షరాలు కూడబలుక్కునే దగ్గరే ఆగిపోయినదాన్ని. నా బిడ్డ ఆగొద్దని నా ఆశ. పాలు ఉన్నన్నాళ్లే దానికి బడి అని నాకు తెలుసు.

అందుకే ఒళ్లు దాచుకోకుండా కలిపాను. నీళ్లు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక పొడి మీద కొంచెం కొంచెంగా పోయాలి. చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. పొద్దు గూకేసరికి భుజం లేచేది కాదు. పిల్లలు ముక్కు మూసుకుని తాగేవారు గాని ఎవరూ మానలేదు.

మళ్లీ జీపు వచ్చింది. మళ్లీ కాంటా కట్టారు. ఈసారి బెల్లం ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరిని తూస్తున్నకొద్దీ ఆఫీసరు ముఖం చిన్నబోయింది. చాలామంది ఉన్నకాడనే ఉన్నారు. మా బిడ్డ కూడా అంతే.

"పాలు తాగిన పిల్లలు ఇట్లుంటారా?" అని ఆఫీసరు నా వైపు తిరిగాడు. "పొడి ఎటు పోతున్నదమ్మా?"

నాకు కోపం రావాలి. రాలేదు. అంత అలిసి ఉన్నాను.

"పొడి పిల్లల కడుపులకే పోయింది సారూ. బడిల తాగిన పిల్లకు పొద్దున ఇంట్ల గటుక పోస్తలేము. అది చిన్నోళ్లకు పోస్తున్నం. ఏ ఇంట్ల చూసినా గంతే. ఇగో, వీన్ని తూయుండ్రి."

చంకలో ఉన్న నా చిన్నోడిని ముందుకు చాపాను. ఆఫీసరు దొరసానికి చెప్పాడు. ఆమె వాడిని ఎత్తుకుంది, తొడలు పట్టి చూసింది, చాలాసేపు ఆయనతో మాట్లాడింది. వాడు ఆమె చేతి గడియారం నోట్లో పెట్టుకున్నాడు.

"ఆమెకు అర్థమైందమ్మా," అన్నాడు ఆఫీసరు, నుదురు తుడుచుకుంటూ. "కానీ వీడు బడి పిల్లగాడు కాదు గదా. వీని తూకం నేనెక్కడ రాయాలె?"

ఆయన రాసే పుస్తకం మూశాడు. చిన్నోడు తిరిగి నా చంక ఎక్కాడు.

మరుసటి ఏడు డబ్బాలు రాలేదు. పాలు వేరే ఊళ్ల బడులకు పోయాయని సారు చెప్పాడు. పొద్దున్నే కుండ ముందు కూర్చుంటే గటుక ఇద్దరు పిల్లలకు చాలడం లేదు. మా మామ మిగిలిన మందతో కృష్ణ వైపు మేతకు బయలుదేరుతున్నాడు. పోయినచోట రైతులు ఎరువు కోసం పొలంలో మందను ఆపించుకుని తిండిగింజలు ఇస్తారు. "పిల్లను ఎంబడి తోలు. కడుపన్న నిండుతది," అంది మా అత్త.

సారు ఇంటికి వచ్చాడు. "ఇప్పుడిప్పుడే ఎక్కాలు వస్తున్నయమ్మా. ఇప్పుడా మాన్పించేది?"

"గొర్ల కాడ గూడ ఎక్కాలు పనికొస్తయ్ సారూ," అంది మా అత్త.

నేను కుండ మీద మూత తీసి చూపించాను. సారు చూశాడు. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

మంద కదిలే పొద్దున, గొంగడి కప్పుకుని నా బిడ్డ అడిగింది: "అమ్మా, పాలు మల్లొస్తే పిలిపిస్తవా?"

"పిలిపిస్త బిడ్డా," అన్నాను.

కొన్నేళ్లకు పాలకు బదులు గోధుమ రవ్వ వచ్చింది. అదీ ఆ దేశం నుంచే. సారు కబురు పెడితే బడి పొయ్యి మళ్లీ నేనే ముట్టించాను. అప్పటికి నా బిడ్డ అత్తవారింట్లో, వాళ్ల గొర్ల వెంట తిరుగుతోంది. ఉప్మా కోసం కూర్చున్న వరుసలో అందరికంటే ముందు, ఆకు పట్టుకుని, నా చిన్నోడు ఉన్నాడు. వాడికి మొదట వడ్డించాను.