భులూని కట్టేసిన పది రోజులు

మా చిన్నప్పుడు కలకత్తాలోని ఖిదిర్‌పూర్‌లో, కార్పొరేషన్ పనివాళ్ల క్వార్టర్లలో ఉండేవాళ్లం... ఎదురెదురుగా రెండు వరసల గదులు, మధ్యలో అందరికీ ఒకటే కుళాయి. ఆ కుళాయి దగ్గరే ఒక సాయంత్రం భులూ గౌరిని కరిచింది.

భులూ మా లైన్లో తిరిగే నల్ల కుక్క. గౌరి మా పక్కగది అప్పారావు బాబాయి కూతురు, ఐదేళ్లది. భులూ చేప తల కొరుకుతుంటే వెనకనుంచి వెళ్లి తోక పట్టుకుని లాగింది. అది గిర్రున తిరిగి పిక్క పట్టేసింది.

ఆ చేప తల వేసింది నేను. నాకప్పుడు పదేళ్లు.

అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ఒక ఆసుపత్రిలో వార్డులు ఊడ్చే పని ఆమెది. చేతిసంచీ కింద పడేసి, గౌరి కాలు కుళాయి కింద పెట్టి, సబ్బుతో కడుగుతూనే ఉంది... పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా ఆపలేదు.

ఈలోగా అప్పారావు బాబాయి దుడ్డుకర్రతో వచ్చాడు. ఇంకో నలుగురు మగవాళ్లు భులూని గోడ మూలకి తరిమారు.

"ఎవులదిరా ఈ కుక్క?" అని అరిచాడు బాబాయి.

ఎవరికి వారు వెనక్కి జరిగారు. అందరూ గంజి పోసినవాళ్లే, ఎంగిలి మెతుకులు వేసినవాళ్లే... నాదంటే కొడతారేమోనని నేనూ నోరు విప్పలేదు. అమ్మ నా మొహంలోకి ఒక్కసారి చూసింది.

"మాది" అంది.

"వదినా, నువ్వు తప్పుకో. దీన్ని సంపకపోతే నాకు మనశ్శాంతి నేదు."

"సంపేత్తే నీ కూతురి సంగతి ఎలాగ తెలుస్తాది? పది రోజులు బతికుంటే దానికి పిచ్చి నేనట్టు. డాట్రుబాబులు సెప్తంటే రోజూ ఇంటన్నాను. దీన్ని నా గుమ్మానికి కట్టేత్తాను. కర్ర పారేసి పిల్లనెత్తుకో. సూదికెల్దాం."

బాబాయి కర్ర పారేయలేదు. గోడకి ఆనించి పెట్టాడు. పిల్లని ఎత్తుకుని అమ్మ వెనకాల నడిచాడు.

మర్నాడు పొద్దున్నే వీధి కమిటీ పెద్ద, అందరూ దాదా అని పిలిచే ఆయన, వచ్చాడు. కుక్కల్ని పట్టుకెళ్లే బండిని పిలిపిస్తానన్నాడు. ఆయన మాటంటే మా లైన్లో అందరికీ భయం. అమ్మ తనకొచ్చిన బెంగాలీలోనే చెప్పింది... "దశ్ దిన్ పొరే ఎషో దాదా. తార్ ఆగే నా." పది రోజుల తర్వాత రా, అంతకుముందు కాదు అని. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

రోజూ పొద్దున్నే గౌరికి బొడ్డు చుట్టూ సూది... అప్పట్లో కుక్క కరిస్తే అంతే కదా. సూదికి తీసుకెళ్తుంటే పిల్ల ఏడుపు విని నేను చెవులు మూసుకునేదాన్ని. పిన్ని, అంటే గౌరి వాళ్లమ్మ, మాతో మాట్లాడటం మానేసింది.

నాకు అమ్మ వేరే పని అప్పజెప్పింది. భులూకి దూరం నుంచే కర్రతో గిన్నె జరిపి తిండి పెట్టాలి. బడికి వెళ్లేముందు దాని అశుద్ధం మీద బూడిద చల్లి, రేకుముక్కతో ఎత్తి పారేయాలి. తోటి పిల్లలు ముక్కు మూసుకుని నవ్వేవాళ్లు. "నాకు సిగ్గేస్తంది అమ్మా" అన్నాను. "తిండెట్టినోలే ఎత్తాల" అంది. అంతే.

నాలుగో రోజు భులూ తిండి ముట్టలేదు...

బడిలో ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. సాయంత్రం వచ్చేసరికి అమ్మ గుమ్మంలో గొంతుక్కూర్చుని దాన్నే చూస్తోంది. నేను పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పేశాను, చేప తల వేసింది నేనేనని.

"తెలుసు" అంది అమ్మ. "అందికే మాది అన్నాను."

కాసేపటికి భులూ లేచి గిన్నెడు నీళ్లూ తాగేసింది. పిచ్చెక్కిన కుక్కకి నీళ్లు గొంతు దిగవని విని ఉన్న అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

పదో రోజు గడిచింది. భులూ ఎప్పటిలాగే ఉంది. డాక్టరు ఇక సూదులు చాలన్నాడు. పిన్ని గౌరిని చంకనేసుకుని మా గుమ్మం దాకా వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

అమ్మ అక్కడితో వదల్లేదు. ఆ ఆదివారం లైన్లో అందరినీ కుళాయి దగ్గరికి పిలిచింది. తిండి పెట్టేవాళ్లే ఆ జంతువుకి యజమానులు. కుక్కకైతే ఏటేటా పిచ్చి రాకుండా సూది వేయించాలి. అది చేసిన మురికి వాళ్లే ఎత్తాలి. కుక్క తింటున్నప్పుడు పిల్లల్ని దాని జోలికి పోనివ్వకూడదు... అమ్మ చెబుతుంటే నేను బొగ్గుతో గోడ మీద రాశాను. చదవడం రానివాళ్లు సగంమంది, అందుకని పైకి చదివించింది కూడా.

మేకలు పెంచే సింహాద్రి తాత ఒప్పుకోలేదు. "మేకలకి కూడా రూలేటమ్మా?"

"నీ మేక కుళాయి కాడి నీల్ల తొట్టిలో మూతెడతాది తాతా. ఆ నీల్లు నీ మనవరాలు తాగదా?"

తాత గొణుక్కుంటూ లేచి వెళ్లిపోయాడు. మర్నాడు చూస్తే ఆయన గది వెనకాల మేకలకి కొత్త గుంజ పాతి ఉంది.

భులూని పశువుల ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని అమ్మ అడిగింది. చివరికి "నానెల్తాను" అన్నాడు అప్పారావు బాబాయి. బస్సులో ఎక్కనివ్వరని మెడకి తాడు కట్టి అంతదూరం నడిపించుకెళ్లాడు... ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయనే.

గోడకి సున్నం వేసినప్పుడల్లా ఆ మాటలు మళ్లీ రాయించేది అమ్మ. నేను పెళ్లై వెళ్లాక గౌరి రాసేది.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో నియమాలన్నీ చక్కగా అచ్చువేసి లిఫ్టులో అంటించారు. కుక్కల మీద ఫిర్యాదులు రోజంతా ఫోన్లో వస్తూనే ఉంటాయి... కిందకి దిగి, నలుగురిని కూర్చోబెట్టి ఒప్పించే మనిషి మాత్రం ఒక్కరూ కనిపించరు.

మీ వాడలో అలాంటివాళ్లు ఉండేవారా? వాళ్ల గురించి కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.