తవుడు లారీ మీద ఆరు బిందెల నీళ్లు

పుంగనూరులో ఏళ్ల తరబడి పశువుల దాణా అంగడి నడుపుతున్నాను. డిగ్రీ చదివి తవుడు అమ్ముతోందని ఎగతాళి చేసిన బంధువుల నోళ్లు ఎప్పుడో మూయించాను. విడి తవుడు లారీకి పోయించి పంపాలంటే మాత్రం ఇప్పటికీ గుండె దడే. బస్తాలైతే పేర్చి తాడు కడితే చాలు. విడి తవుడు గాలికీ లోకువే, తడికీ లోకువే.

పోయిన వేసవిలో గుడుపల్లె పాలకేంద్రం ఆడవాళ్లు ఒక లోడు అడిగారు. వాళ్ల దగ్గర గడ్డి అయిపోయింది. ఆ సాయంత్రానికి తవుడు చేరకపోతే మరునాడు ఆవుల ముందు పెట్టడానికి ఏమీ లేదు. మదనపల్లె మిల్లులో ఈ ఒక్క లోడే ఉంది, మళ్లీ వారం దాకా దొరకదన్నారు. నేను మాటిచ్చేశాను. ఎప్పుడూ వచ్చే డ్రైవరు పెళ్లికి పోయాడు. దాంతో క్రషర్ నుంచి ఎం-శాండ్ అనే రాతిపొడి తోలే లారీని మాట్లాడాను.

పలమనేరు దాటాక ఆ లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. టార్పాలిన్ అంచు లేచి తవుడు బైకులవాళ్ల కళ్లలో పడిందట, వాళ్లు లారీ ఆపి తిట్టారట. ఈయన బోరు దగ్గర ఆరు బిందెల నీళ్లు పట్టి లోడు మీద చల్లాడట.

"ఇప్పుడు రవ్వంత గూడా ఎగరడంలేదమ్మా," అన్నాడు గర్వంగా.

తవుడు తడిస్తే లోలోపల వేడెక్కి పులిసిపోతుంది. అది తిన్న ఆవుకు కడుపుబ్బరం. లారీని అక్కడే ఆపమని కారు తీశాను. తిట్టాల్సినవన్నీ దారిలోనే వరస పెట్టుకున్నాను. లారీ ఒక టీకొట్టు ముందు ఆగి ఉంది.

"ఏందప్పా, ఎం-శాండ్ అనుకుంటివా? ఆవులు తినేది."

"పొడి ఏదైనా పొడే కదమ్మా. నీళ్లు సల్లకుంటే పోలీసోళ్లు ఊరుకుంటారా?"

"పోలీసోళ్లు తింటారా దీన్ని?"

టీకొట్టు దగ్గరి జనమంతా చూస్తుండగా చీర కుచ్చిళ్లు దోపుకుని లారీ ఎక్కాను. పైన పెంకు కట్టినట్టుంది. దాన్ని పగలగొట్టి చేయి మోచేతి దాకా దించాను. చల్లగా, మెత్తగా, పొడిగా తగిలింది. నమ్మకం చాలక ఇంకో నాలుగు చోట్ల దించాను. అంతటా పొడే. తవుడులో నూనె ఉంటుంది కదా, నీళ్లను లోపలికి దిగనివ్వలేదు. రెండు వేళ్ల మందాన పైపొర మాత్రం ముద్దయింది. ఆ తవుడు మీదే కూర్చుండిపోయాను.

"ఎట్లుండాదమ్మా?" అని కింద నుంచి అడిగాడు.

"బతికినావులే. పార తీసుకోని పైకి రా."

ఇద్దరం ముద్దయిన పొరంతా గీకి పారేశాం. టార్పాలిన్ ముడులన్నీ నేనే దగ్గరుండి, ఆయనతో పోట్లాడి, మళ్లీ కట్టించాను.

పొద్దుగూకక ముందే గుడుపల్లె చేరాం. పాలకేంద్రం పెద్దావిడ గుప్పెడు తవుడు తీసి వాసన చూసింది, చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"కమ్మగా ఉండాది. దించుకోండమ్మా," అంది తనవాళ్లతో. ఆపైన నన్ను ఎగాదిగా చూసింది. "నెత్తినిండా తవుడే. సగం నువ్వే తినేసొచ్చినావా ఏంది?"

ఇంకో రోజైతే ఆవిడకు దీటుగా జవాబిచ్చేదాన్ని. ఆ రోజు నవ్వుతూ నిలబడ్డాను, తల కూడా దులుపుకోలేదు.