తప్పుకు ఒక కోడి

పన్నెండు రోజులుగా మా మనవరాలు గదిలోంచి బయటికి రావడం లేదు, కంచం గుమ్మం దగ్గర పెడితే సగం తిని మళ్ళీ అక్కడే పెడుతోంది. అరకు వెళ్ళి, రోడ్డు పక్కన ఒకావిడ పోసిన కాఫీ తాగి, ఇది కాఫీయా కుడితి నీళ్ళా అని నవ్వుతూ తీసుకున్న వీడియో లోకమంతా చూసింది. తప్పే, నోటిదురుసు మా ఇంటి ఆస్తి, నా నుంచే వెళ్ళి ఉంటుంది. పిల్ల ఏడుస్తూ మూడుసార్లు క్షమాపణ చెప్పుకుంది, చెప్పిన ప్రతిసారీ ఫోనులో తిట్లు పెరిగాయే గానీ తగ్గలేదు, చివరికి పనిచేసేచోట కూడా ఇక రావద్దన్నారు.

వెలివేయడం ఇవాళ పుట్టిందేమీ కాదు. సముద్రం దాటి బర్మాలోని రంగం వెళ్ళొచ్చాడని మా తాతగారిని భోజనాల బంతిలో కూర్చోనివ్వలేదట, ప్రాయశ్చిత్తం అయ్యాక, ఆయన తెచ్చిన గొడుగులు తలా ఒకటీ అందాక, సముద్రం సంగతి అందరూ మరిచిపోయారట.

నా వంతూ వచ్చింది. హుకుంపేట అవతల కొండమీద నా మొదటి బడి. మైదానం నుంచి కొత్తగా వెళ్ళిన పంతులమ్మని, పులుపంటే ప్రాణం, బడి వెనక చెట్టుకి మామిడి పిందెలు వేలాడుతుంటే ఆగలేక నాలుగు కోసి, ఉప్పూ కారం అద్దుకుని, పిల్లలందరి ముందూ వరండాలో లొట్టలేసుకుంటూ తిన్నాను. కొత్తల పండుగ చేసి ఊరి దేవతకి పెట్టనిదే అక్కడ పసిపిల్ల కూడా పిందె నోట పెట్టదని నాకెవరు చెప్పారు? మర్నాడు బడిలో నేనూ గంటా మిగిలాం. నీళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరుపుకున్నారు, పలకరిస్తే కొండకేసి చూశారు. ఐదో రోజుకి, ఉద్యోగమూ వద్దు ఏమీ వద్దని పెట్టె సర్దుకున్నాను.

అప్పుడు నేనుంటున్న ఇంటి అవ్వ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

“ఏటి పంతులమ్మా, పెట్టి సర్దీసినావా? ఒక కోడి తెచ్చి తప్పు ఇచ్చీ. అందరం తినీసి మర్సిపోదుం.”

కోడి తెచ్చాను, దేవత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఊరి పెద్ద నా పక్కనే విస్తరి వేసుకుని మొదటి ముద్ద తిన్నాడు. అంతటితో సరి. ఆ తర్వాత ఆ మాట ఎవరెత్తితే తప్పు వాళ్ళదే, కోడి వాళ్ళే ఇవ్వాలి. పండుగనాడు అవ్వ కొడుకే జీలుగు కల్లు మైకంలో, “ముందల పంతులమ్మకెట్టండ్రా, ఆగనేదు!” అని నోరుజారి కోడి సమర్పించుకున్నాడు. ఆ కోడి కూర రుచే వేరు.

మొన్న ఆదివారం బస్సెక్కి అరకు వెళ్ళి ఆ కాఫీ ఆవిణ్ణి వెతికి పట్టుకుని, పిల్ల తరఫున నేనే చేతులు జోడించాను. “గుంట ఏదో ఆడీసింది, ఒగ్గీండమ్మా,” అని ఆవిడ నవ్వి నాకొక గ్లాసు కాఫీ పోసింది, డబ్బులు తీసుకోలేదు. ఇంటికొచ్చి, మూసిన తలుపు ఇవతల నిలబడి ఆ సంగతి చెప్పాను. “ఆవిడ సరే అమ్మమ్మా, మిగతావాళ్ళో?” అంది పిల్ల లోపల్నుంచి.

నాకు ఏడుపొచ్చింది. ఆ మిగతావాళ్ళది ఏ ఊరో, ఏ గుమ్మం ముందు నిలబడాలో ఎవరినడగను? కోడి ఇవ్వడానికి నేనిప్పుడూ సిద్ధమే, పక్కన కూర్చుని మొదటి ముద్ద తినే ఊరి పెద్దే కనబడటం లేదు. అన్నం కలిపి, కంచం మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను.